చార్జీ ఒకటే, పిలుపు వేరు

పల్లెవెలుగు బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు టిక్కెట్లు కొడుతూ ముందు నుంచి వెనక్కి వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్న పెద్దమనిషిని "ఎక్కడికండీ?" అని అడిగాడు. వెనక సీట్లో నడివయసు ఆవిడను "ఎక్కడికమ్మా?" అని అడిగి జీరో టిక్కెట్టు చేతిలో పెట్టాడు. ఇయర్‌ఫోన్లు తగిలించుకున్న కుర్రాడికి "ఎక్కడికి బాబూ?" వచ్చింది. మెట్ల దగ్గర గొంతుక్కూర్చున్న మాసిన పంచె ముసలాయన వంతు వచ్చేసరికి "ఏయ్, ఎక్కడికి?" మాత్రమే మిగిలింది. నలుగురూ దిగేది ఒకే స్టేజీలో. మగవాళ్లు ముగ్గురికీ చార్జీ ఒకటే.

వాళ్ల పేర్లేమిటో, ఎవరికి ఎంత పొలం ఉందో, ఎవరిది ఏ కులమో కండక్టరుకు తెలియదు. అయినా అర క్షణం కూడా తడుముకోలేదు. చొక్కా, వయసు, చేతిలో ఉన్న వస్తువు, కూర్చున్న తీరు చూసి లెక్క కట్టేశాడు. ఆ లెక్క తప్పని బస్సులో ఎవరూ అనలేదు, ఆ ముసలాయన కూడా.

ఇంతకీ కండక్టరు గురించి ఈ వ్యాసం కూడా 'వస్తున్నాడు', 'అడిగాడు' అనే రాసింది. బస్సెక్కింది డిపో మేనేజరైతే 'వస్తున్నారు', 'అడిగారు' అని కలం దానంతటదే మారిపోయేది.

ఇలాంటి వాటి గురించే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ 1895లో ఒక పుస్తకం రాశాడు. మనిషికి బయట ఉంటూనే మనిషి మీద ఒత్తిడి పెట్టే ఆలోచనా రీతుల్ని, ప్రవర్తనా రీతుల్ని ఆయన 'సామాజిక వాస్తవాలు' అన్నాడు. వాటికి ఆయన చూపిన ఉదాహరణల్లో డబ్బు ఒకటి, భాష ఒకటి. రెండూ మనం పుట్టకముందే ఉన్నాయి, పోయాక కూడా ఉంటాయి. వాటి ప్రకారం నడుచుకున్నంతకాలం ఒత్తిడి ఉన్నట్టే తెలియదు. ఎదురు తిరిగినప్పుడే తెలుస్తుంది. ఏటి వాలుకు ఈదేవాడికి ప్రవాహం బలం ఎంతో ఏం తెలుస్తుంది?

తెలుగులో ఆ ప్రవాహం చాలా లోతుగా ఉంది. ఎదుటి మనిషికి నువ్వు, మీరు, తమరు. ఎదురుగా లేని మగవాడికి వాడు, అతను, ఆయన, వారు. ఆడమనిషికి అది, ఆమె, ఆవిడ, వారు. ఏరా, ఏమే, ఒరేయ్, ఒసేయ్, ఏవండీ, అయ్యా అన్నవి వీటికి అదనం. పేరు చివర తగిలించేవి మరికొన్ని. 'గారు'కీ 'గాడు'కీ మధ్య ఉన్నది ఒక్క అక్షరం. కానీ ఆ అక్షరం తేడా వస్తే తలలు పగిలిన సందర్భాలు ఊరూరా ఉంటాయి. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోకుండా తెలుగులో వాక్యం పూర్తికావడం కష్టం, ఎందుకంటే క్రియ చివర కూడా ఆ ఎంపిక కనిపిస్తుంది. 'వచ్చాడు' అనాలా, 'వచ్చారు' అనాలా తేల్చుకోకుండా ఒక మనిషి వచ్చిన సంగతి కూడా చెప్పలేం.

శాసనసభలోనో టీవీ చర్చలోనో ఒక నాయకుడు ఇంకొకరిని 'నువ్వు' అంటే మర్నాడు పత్రికలు "ఏకవచనంతో సంబోధించారు" అని రాస్తాయి. ఏకవచనం అంటే వ్యాకరణంలో 'ఒకటి' అని అర్థం, అంతే. ఒకే మనిషిని ఒకే మనిషి అనడం తెలుగునాట అవమానానికి మారుపేరైంది.

వింత ఇక్కడితో ఆగదు. రాములు, వెంకటేశ్వర్లు, ఆంజనేయులు అనే పేర్ల చివర ఉన్న 'లు' గౌరవ బహువచనమే. ఆచార్యులు, శాస్త్రులు అన్నప్పుడు వినిపించేది కూడా అదే. తల్లిదండ్రులు కొడుక్కి పేరులోనే గౌరవం చుట్టి పెట్టారన్నమాట. ఆ రాములు పాలేరుగా కుదిరితే 'ఒరే రాములుగా' అవుతాడు. బహువచనాన్ని పక్కనే కూర్చోబెట్టుకుని ఏకవచనం దాని నెత్తి మీద మొట్టికాయ వేస్తుంది.

ఇక ఇంట్లోకి వస్తే, "నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది" అనే వాక్యం కోస్తా జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో వినిపించేదే. అమ్మంటే ప్రేమ తక్కువై అలా అనరు. చనువు ఎక్కువై అంటారు. కానీ ఆ చనువు అమ్మకే ఎందుకు దక్కిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. భర్తను భార్య 'ఏవండీ, మీరు' అంటుంది, భార్యను భర్త 'ఏమోయ్, నువ్వు' అంటాడు. ఇద్దరూ ఒకరినొకరు బాగానే ప్రేమించుకోవచ్చు. పిలుపు మాత్రం పై నుంచి కిందికి ఒకలా, కింది నుంచి పైకి ఒకలా ప్రయాణిస్తుంది.

ఇక్కడ కొందరు తొందరపడి వ్యాకరణాన్నే దోషిగా నిలబెడతారు. చిన్నయసూరి బాలవ్యాకరణం మగవారిని తెలిపే మాటల్ని మహద్వాచకాలుగా విడదీసింది. స్త్రీలకు ఏకవచనంలో పశుపక్ష్యాదులతో, జడపదార్థాలతో సమానమైన క్రియ వస్తుంది: ఆవిడ వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. బహువచనంలో మాత్రం స్త్రీలు మనుషుల వైపుకు చేరి 'వచ్చారు' అవుతారు. అయితే గోండి, కొలామి వంటి సోదర భాషల్లో కూడా ఏకవచనంలో ఇదే విభజన ఉంది. అది చాలా పాత కాలపు భాషా నిర్మాణం. ఈనాటి మగవాడి పొగరుకు దాన్ని నేరుగా ముడిపెట్టడం కుదరదు. తమిళంలో స్త్రీలకు విడిగా క్రియా రూపం ఉంది, అంతమాత్రాన తమిళ ఇళ్లలో ఆడవాళ్లకు ప్రత్యేక సింహాసనాలేమీ లేవు. భాష ఇచ్చేది గూళ్లు మాత్రమే. ఏ గూట్లో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించేది సమాజం.

ఆ నిర్ణయం దేని మీద జరుగుతుంది? హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటలో 1950ల మొదట్లో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే బృందం ఊరి జీవితాన్ని దగ్గరగా చూసి రాసింది. 1955లో 'ఇండియన్ విలేజ్' పేరుతో అచ్చయిన ఆ పుస్తకం భారతీయ గ్రామాల మీద వచ్చిన తొలి సమగ్ర అధ్యయనాల్లో ఒకటి. ఊళ్లో మనిషి అంతస్తు దేని వల్ల ఏర్పడుతుందో దూబే అందులో వివరించాడు. మతం, కులం, భూమి, డబ్బు, సర్కారు కొలువు లేదా ఊరి పెత్తనం, వయసు, చివరగా ఆ మనిషి వ్యక్తిత్వం. పల్లెవెలుగు కండక్టరు అర క్షణంలో చేసిన కూడిక ఇదే. కులం అడగలేడు కాబట్టి పంచె చూశాడు, భూమి అడగలేడు కాబట్టి చెప్పులు చూశాడు.

పొరుగున తమిళనాడులో స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషాశాస్త్రవేత్త కోయంబత్తూరు ప్రాంతపు ఊళ్లో ఎవరు ఎవరిని ఏ సర్వనామంతో పిలుస్తారో నమోదు చేసి, 1977లో దాని మీద పరిశోధన గ్రంథం సమర్పించాడు. పేర్లు తీసేసి పిలుపుల పట్టిక ఒక్కటి చూసినా ఏ కులం ఏ కులానికి పైన ఉందో, ఏది కింద ఉందో చాలావరకు తెలిసిపోతుంది. రెవెన్యూ రికార్డుల్లో ఉండని ఆ లెక్క జనం నోళ్లలో ఉంటుంది.

పిలుపుల మీద శాస్త్రీయ చర్చకు దారి తీసిన వ్యాసం ఇంకా ముందుది. మనస్తత్వవేత్త రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ కలిసి 1960లో దాన్ని రాశారు. ఫ్రెంచిలో తు-వు, జర్మన్‌లో దు-జీ, ఇలా యూరప్ భాషల్లో కూడా మన నువ్వు-మీరు లాంటి జంటలున్నాయి. వీటి వెనక రెండు శక్తులు పనిచేస్తాయని వాళ్లు చెప్పారు. ఒకటి అధికారం. పైవాడు 'నువ్వు' అంటాడు, కిందివాడు 'మీరు' అనాలి. రెండోది సాన్నిహిత్యం. దగ్గరివాళ్లిద్దరూ 'నువ్వు' అనుకుంటారు, కొత్తవాళ్లిద్దరూ 'మీరు' అనుకుంటారు. అంటే ఒకే 'నువ్వు' ఒక చోట చెంపదెబ్బ, ఇంకో చోట ముద్దు.

తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. దేవుణ్ణి 'మీరు' అనే భక్తుడు అరుదు. గోలకొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి ఏకవచనంలోనే నిలదీశాడు, అది అలక కింద జమ అయింది గానీ అపచారం కింద కాదు. అభిమాన హీరోను కూడా థియేటర్లో ఎవరూ 'గారు' అనరు, ఈల వేసి 'వాడు' అంటారు. ఆయనే చనిపోతే సంతాప సభలో మాత్రం 'వారు' అవుతాడు.

ఏది దెబ్బో ఏది ముద్దో తేల్చే పరీక్ష ఒకటుంది. తిరిగి అనగలరా? స్నేహితుడు 'ఒరేయ్' అంటే వీడు కూడా 'ఒరేయ్' అనొచ్చు. దొర 'ఒరేయ్' అంటే కూలీ అనలేడు. తెలంగాణ పల్లెల్లో గడీల కాలం నాటి 'నీ బాంచన్' అనే మాటలో కూలీ తనను తాను దొరకు దాసినని ఒప్పుకునేవాడు. వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ నాయకత్వంలో లేచిన పోరాటం భూమి కోసం, కూలి కోసమే మొదలైనా, ఆ మాట నోటి నుంచి పోవడం కూడా అందులో గెలుపే. మరో మెలిక: తెలంగాణలో చాలా ఇళ్లలో తండ్రిని, మామను, ఊరి పెద్దలను కూడా 'నువ్వు' అనడం మామూలు. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడికి అది మర్యాద లేకపోవడంలా వినిపిస్తుంది. ఇటువాళ్లకేమో కోస్తావాళ్ల 'అండీ' మనిషిని గుమ్మం అవతలే నిలబెట్టినట్టుంటుంది. ఒకే భాష, ఒకే మాట, రెండు వేర్వేరు తూకాలు.

తూకం తెలియని చోట ఏం చేస్తారు? తెలివిగా తప్పించుకుంటారు. రైల్లో ఎదురు సీటు మనిషి తనకంటే పెద్దో చిన్నో తేలనప్పుడు తెలుగువాడు వాడే వాక్యాలు వినండి: "ఎక్కడిదాకా ప్రయాణం?" "భోజనం అయిందా?" "ఏ ఊరు?" "కాస్త జరిగితే బాగుంటుంది." వీటిలో నువ్వూ లేదు, మీరూ లేదు. వేలు విడిచిన చుట్టరికాలు కలిసినచోట, పెళ్లిళ్లలో, ఇలాంటి మాటలు మరీ ఎక్కువ. ఎదుటివాడి ఉద్యోగం తెలిసేదాకా వాక్యాలు కర్త లేకుండా సాగుతాయి. తెలిశాక 'అండీ' వచ్చి చేరుతుంది, లేదంటే భుజం మీద చెయ్యి పడుతుంది.

స్వీడన్‌లో ఇదే ఆట ఇంకా తీవ్రంగా నడిచింది. అక్కడ పెద్దవారిని 'మీరు' అన్నా తక్కువ చేసినట్టే. హోదాతో పిలవాలి: 'డాక్టరుగారికి కాఫీ కావాలా?' అని ఎదురుగా ఉన్న డాక్టరునే అడగాలి. హోదా తెలియకపోతే 'కాఫీ పుచ్చుకోవడం జరుగుతుందా?' తరహాలో కర్త లేని వాక్యాలు. మన రైలు పెట్టె మాటలే. 1967లో ఆ దేశ వైద్య శాఖకు అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్, సిబ్బంది అందరినీ పేరు పెట్టి 'దు' అని పిలుస్తానని, తనను కూడా అలాగే పిలవమని ప్రకటించాడు. అప్పటికే జనంలో కదలిక ఉంది, ఆయన ప్రకటన దానికి గుర్తుగా నిలిచిపోయింది. కొన్నేళ్లలో దేశమంతా 'నువ్వు'లోకి దిగింది. రాజకుటుంబానికి మాత్రం మినహాయింపు.

ప్రతి దేశంలో ఇంత సాఫీగా జరగలేదు. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793లో అందరూ 'తు' అనుకోవాలంది. విప్లవం వేడి చల్లారగానే 'వు' తిరిగొచ్చింది. ఇటలీలో ముస్సోలినీ 1938లో 'లేయి' అనే మర్యాద మాట వద్దని, 'వోయి' వాడమని శాసించాడు. ఆయనతో పాటే ఆ శాసనం కూడా పోయింది. ఇంగ్లండులో 17వ శతాబ్దపు క్వేకర్లు ఇంకో దారి పట్టారు. దేవుడి ముందు అందరూ సమానమే కాబట్టి జడ్జినైనా ప్రభువునైనా 'దౌ' అనే ఏకవచనంతోనే పిలిచారు. తన్నులు తిన్నారు, జైళ్లకు వెళ్లారు. చివరికి ఇంగ్లిషు ఎవరి మాటా వినలేదు. క్వేకర్లు కోరినట్టు అందరినీ కిందికి దించకుండా, అందరినీ 'యూ' అనే బహువచనంలోకి ఎక్కించేసింది. ఇవాళ హైదరాబాదు ఐటీ ఆఫీసుల్లో మేనేజరుతో తెలుగులో మొదలైన మాట చటుక్కున ఇంగ్లిషులోకి దూకడానికి అన్నిసార్లూ గొప్పలు కారణం కావు. 'యూ' అంటే తూకం వేయాల్సిన పని తప్పుతుంది.

సర్వనామంలో తేడా లేకపోతే వివక్ష పోతుందా? పోదనడానికి అమెరికాలో ఒక కోర్టు కేసు ఉంది. 1963లో అలబామా రాష్ట్రం గాడ్స్‌డెన్‌లో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి పౌరహక్కుల కార్యకర్త బోనెక్కింది. అక్కడి వాడుకలో తెల్ల స్త్రీ అయితే 'మిస్' లేదా 'మిసెస్', నల్ల స్త్రీ అయితే ఉత్త పేరు. ప్రభుత్వ న్యాయవాది 'మేరీ' అన్నాడు. 'మిస్ హామిల్టన్' అని పిలిచేదాకా జవాబివ్వనని ఆమె అంది. కోర్టు ధిక్కారం కింద ఐదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా పడింది. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1964లో ఆ కోర్టు శిక్షను కొట్టేసింది. ఒక పిలుపు కోసం అంత దూరమా అని అప్పట్లో నొసలు చిట్లించినవాళ్లు ఉండే ఉంటారు. పిలుపుకు విలువే లేకపోతే ఆ న్యాయవాది 'మిస్' అనేసి పని కానిచ్చుకునేవాడు కదా.

(పైన 'బోనెక్కింది', 'అంది' అని రాసినచోట కలం ఒకసారి ఆగింది. 'బోనెక్కారు' అని ఉండాలా? గౌరవం కోసం పోరాడిన మనిషి గురించి చెబుతూ కూడా తెలుగులో ఈ తడబాటు తప్పదు.)

మర్యాద ఎప్పుడూ ఒకేవైపు తూగదని చూపించిన ప్రయోగం ఇంకొకటి ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రవేత్త హెరాల్డ్ గార్ఫింకెల్ తన విద్యార్థులకు ఒక పని అప్పజెప్పాడు. సొంత ఇంట్లో పావుగంట నుంచి గంటదాకా అద్దెకు దిగిన కొత్తవాళ్లలా మెలగాలి. గౌరవంగా పిలవాలి, పలకరిస్తేనే పలకాలి, సొంత సంగతులు ఎత్తకూడదు. ఎవర్నీ తిట్టలేదు, ఏదీ విరగ్గొట్టలేదు. అయినా ఇళ్లు అదిరిపోయాయి. ఒంట్లో బాగాలేదా, పిచ్చి పట్టిందా, మా మీద కోపమా అని తల్లిదండ్రులు కంగారుపడ్డారు, కొందరు కోప్పడ్డారు. 1967లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ ముచ్చట్లన్నీ ఉన్నాయి. మన దగ్గర దీనికి విశ్వవిద్యాలయం అక్కర్లేదు. రోజూ 'ఒరేయ్' అనే స్నేహితుడు ఒక పొద్దున ఫోన్ చేసి "బాగున్నారా అండీ" అంటే చాలు, ఏదో తేడా వచ్చిందని అర్థమైపోతుంది. ఎక్కువ మర్యాద కూడా ఒక రకం తలుపు వేయడమే.

అచ్చులో కూడా ఈ తూకాలే. పత్రికల్లో గొలుసు దొంగ 'పరారయ్యాడు', కోట్లు మింగిన కేసులో ఇరుక్కున్న నాయకుడు 'విచారణకు హాజరయ్యారు'. నేరారోపణ ఇద్దరిమీదా ఉంది, బహువచనం ఒకరికే ఉంది. శుభలేఖ సంగతి చూస్తే వరుడు 'చి.', వధువు 'చి.ల.సౌ.'. ఆ సౌభాగ్యవతి భర్త పోతే పాత కాలపు ఉత్తరాల్లో 'గంగాభాగీరథీ సమానురాలు' అయ్యేది. భార్య పోయిన మగవాడికి మాత్రం ఉత్తరం పైన ఏ కొత్త బిరుదూ ఉండేది కాదు.

మార్పు లేదని కాదు. కొత్త జంటల్లో ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి 'నువ్వు' అనుకోవడం ఇప్పుడు వింత కాదు, పెద్దత్తగారు వచ్చినప్పుడు మాత్రం 'ఏవండీ' తిరిగొస్తుంది. నాన్నను 'నువ్వు' అనే పిల్లలు కోస్తాలో కూడా పెరిగారు. బయట అన్నా, అక్కా, బాబాయ్, బ్రో అనే చుట్టరికాలు కొత్తవాళ్ల మధ్య ఇబ్బందిని సగం తగ్గించాయి. ఆటో డ్రైవరును 'అన్నా' అని పిలిచి 'నువ్వు' అంటే నొచ్చుకోడు.

మారనిది ఎక్కడంటే, మొదట వంటింట్లో, తర్వాత అపార్టుమెంటు గేటు దగ్గర. యాభయ్యేళ్ల పనిమనిషిని పదేళ్ల పిల్లవాడు "నువ్వు ఇవాళ లేటొచ్చావేం?" అని అడుగుతాడు. ఆమె "బాబుగారూ" అని జవాబిస్తుంది. ఆ పిల్లవాడే బడిలో పాతికేళ్ల టీచరును 'మీరు' అనడం ఎప్పుడూ మర్చిపోడు. ఈ తేడాను వాడికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ల నోళ్లు చూసి పట్టేశాడు. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో బహిరంగంగా అవమానిస్తే శిక్షించడానికి 1989 నాటి చట్టం ఉంది. క్రియ చివర 'వు'ను 'రు'గా మార్చమనే చట్టం ఎక్కడా లేదు, ఉన్నా నిలిచేది కాదని ఫ్రాన్సు, ఇటలీల అనుభవం.

ఆ పనిమనిషి నెల జీతం ఇప్పుడు బ్యాంకులోనే పడుతోంది. ఒకటో తారీఖు దాటాక కార్డు పట్టుకుని ఏటీఎంకు వెళ్తుంది. తెలుగు బొత్తాం నొక్కగానే తెర మీద అక్షరాలు వస్తాయి: దయచేసి మీ పిన్ నంబరు నమోదు చేయండి. కలెక్టరు వచ్చినా ఆ యంత్రం అంతే అంటుంది, ఆమె వచ్చినా అంతే అంటుంది. ఆమె కళ్లజోడు మర్చిపోయి తడబడుతుంటే, వెనక వరసలో నిలబడ్డ కుర్రాడు విసుక్కుంటూ మెడ ముందుకు చాచాడు.

"అది కాదు, పక్కది నొక్కు."